ఉప్పునీళ్ళలో అత్తగారి చుట్టం

నీళ్ళలోంచి ఉప్పు తీసెయ్యడం మీద పదహారేళ్ళుగా బతుకుతున్న మనిషి ఒక మంగళవారం నాడు ఇంట్లో ఉప్పునీళ్ళు పెట్టుకోవాలని నిర్ణయించుకున్నాడు. అతను ఇళ్ళకూ ఆఫీసులకూ తిరిగి తాగునీటి ఫిల్టర్లు బాగుచేసే మెకానిక్కు. ఆ రోజు ఒక పళ్ళ డాక్టరు దగ్గర ఫిల్టరు మార్చడానికి వెళ్ళాడు. డాక్టరుగారి ముందుగదిలో గోడ పొడుగునా గాజు తొట్టి ఉంది. చేపల తొట్లు అతనికి కొత్త కాదు. ఎన్నో ఇళ్ళలో చూశాడు, పచ్చగా పాచిపట్టినవీ, ప్లాస్టిక్ మొక్కలవీ. ఇది అలాంటిది కాదు. రాళ్ళ మీద ఊదారంగు వేళ్ళు, ఆకుపచ్చ బొత్తాలు, గులాబీరంగు కుచ్చులు మెల్లగా ఊగుతున్నాయి. పువ్వులనుకున్నాడు. కాదు, ప్రాణులేనని అద్దం మీద అంటించిన కాగితం చెప్పింది. పగడాలట.

ఫిల్టరు అరగంట పని. అతను రెండున్నర గంటలు చేశాడు.

వెళ్ళేముందు డాక్టరుగారిని అడిగాడు. "సార్, ఇందులో అన్నిటికన్నా కష్టమైంది ఏంటి?"

"నీళ్ళయ్యా," అన్నాడు డాక్టరు. "కుళాయి నీళ్ళు పనికిరావు. వాటిలో ఉన్నదంతా తీసేసి సున్నా చెయ్యాలి. ఆ తర్వాత సముద్రపు ఉప్పు కలపాలి. ఆ సున్నా నీళ్ళు కొనలేక చస్తున్నా."

మెకానిక్కు సంచీలోంచి, నీళ్ళలో కరిగి ఉన్నదెంతో కొలిచే మీటరు తీసి, ఇప్పుడే బిగించిన కొత్త ఫిల్టరు కింద పెట్టి చూపించాడు. మీటరు తొమ్మిది చూపించింది. "దీనికి ఇంకో గొట్టం తగిలిస్తే సున్నా అవుతుంది సార్," అన్నాడు. అలా అంటున్నప్పుడే అతనికి తెలిసిపోయింది, తనింక ఆగలేడని.

ఇంటికొచ్చి భార్యకి చెప్పాడు. ఆవిడ టైలరు. ముందుగదిలో సగం ఆవిడ మిషనుదీ, కత్తిరింపుల బల్లదీ. చెప్పిందంతా విని, మిషను ఆపకుండానే అంది.

"పొద్దున్నించీ జనం నీళ్ళలో ఉప్పు తీసి, సాయంత్రం వచ్చి మన నీళ్ళలో కలుపుతావన్నమాట."

"అది వేరే ఉప్పు."

"ఉప్పుల్లో వేరేవి కూడా ఉంటాయా? సరే. కొత్త మిషనుకని దాచాం చూడు, అందులో సగం నీది. అది దాటిందో, ఆ తొట్టిలో మొదటి చేప నువ్వే."

డబ్బు గొడవ అలా తేలిపోయింది. చోటు గొడవ తేలలేదు. తొట్టి కిటికీ దగ్గర ఉండకూడదు, ఎండపడితే పాచి పడుతుంది. ప్లగ్గు దగ్గర ఉండాలి. నీళ్ళూ రాళ్ళూ కలిసి ముగ్గురు మనుషుల బరువు కాబట్టి గోడ వారగా ఉండాలి. ఇంట్లో ఇవన్నీ కుదిరే చోటు ఒక్కటే ఉంది. అక్కడ టీవీ ఉంది. ఆ టీవీ ఎదురుగా అత్తగారు ఉంది.

అత్తగారు ముప్పై ఏళ్ళు టెలిఫోను ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరయిన మనిషి. ఎంత చిన్న చప్పుడైనా పట్టుకునే చెవులు ఆవిడవి. విన్నది కడుపులో దాచుకోవడం కూడా ఆ ఉద్యోగమే నేర్పింది. అల్లుడితో ఆవిడ ఏనాడూ గొంతు పెంచలేదు. కోపం వచ్చేకొద్దీ మర్యాద పెంచేది, అంతే. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఆవిడకి రెండు సీరియళ్ళు. ఆ రెండు గంటలూ టైలరమ్మ మిషను కూడా మెల్లగా తొక్కాలి.

"టీవీ పడగ్గదిలో పెడదాం అత్తయ్యగారూ," అన్నాడు మెకానిక్కు, చేతులు కట్టుకుని.

"అయ్యో, దానికేం భాగ్యం అల్లుడుగారూ," అంది ఆవిడ. "మీ ఇల్లు, మీ ఇష్టం అల్లుడుగారూ. అక్కడ కిటికీ వెలుతురు టీవీ మీద పడి బొమ్మ కనిపించదు, అంతేగా. నాకు వినిపిస్తే చాలు."

ఒక్క గుక్కలో రెండు 'అల్లుడుగారూ'లు పడ్డాయి. మిషను దగ్గర కూతురు పళ్ళు బిగబట్టుకుంది.

తొట్టి ఒక మూతబడిన హోటలు వాళ్ళ దగ్గర దొరికింది. ఒక పక్క అద్దం మీద పొడుగాటి గీత ఉంది. ఆ పక్కని గోడవైపు తిప్పేశాడు. ఏదో ఆసుపత్రి పాత సామానులో అమ్మేసిన ఇనప బల్ల దానికి కాళ్ళయింది. పగిలిన ఫిల్టర్ల నుంచి తీసిన గొట్టాలు, డబ్బాలు బిగించి, వంటింటి గట్టు కింద సున్నా నీళ్ళ యంత్రం ఒకటి కట్టాడు. మీటరు సున్నా చూపించిన రోజున వీధిలో వాళ్ళని కూడా పిలిచి చూపించాడు. వాళ్ళకి అందులో ఏముందో అర్థం కాలేదు. ఏమీ లేదనే కదా సంతోషం, అన్నాడు. పెద్ద డ్రమ్ములో ఆ నీళ్ళు పోసి, ప్యాకెట్టు సముద్రపు ఉప్పు కలిపి, చిన్న మోటారుతో రోజంతా తిప్పి, ఉప్పు కొలిచే డబ్బాలో ముల్లు సరైన గీత మీద నిలబడేదాకా కొలిచాడు. తొట్టిలో నీళ్ళని ఎప్పటికప్పుడు శుభ్రం చేసే ఖరీదైన యంత్రం కొనలేదు. వారానికోసారి బకెట్టు నీళ్ళు మార్చేస్తే సరిపోతుందని లెక్కవేశాడు. నీళ్ళు అతనికి ఊరికే వస్తాయి కదా.

రాళ్ళు మాత్రం కొన్నాడు. చేపల కొట్టాయన దగ్గర, ఇల్లు మారిపోతూ ఎవరో వదిలేసిన పాత తొట్టి రాళ్ళు, తడిగుడ్డల్లో చుట్టినవి, తూకానికి దొరికాయి. సముద్రంలోంచి వచ్చిన రాళ్ళు. వాటి కన్నాల్లో కంటికి కనిపించని ప్రాణం ఉంటుందనీ, అదే నీళ్ళలోని మురికిని తినేస్తుందనీ కొట్టాయన చెప్పాడు. "బతికున్న రాళ్ళు అంటాం సార్ వీటిని," అన్నాడు.

అత్తగారు ఆ మాట వదల్లేదు. "తూకానికి కొన్నారా అల్లుడుగారూ? బతికున్నవా? మరి ఏం పెడదాం వాటికి రాత్రికి?"

ఆ తర్వాత నెల రోజులు తొట్టిలో నీళ్ళూ రాళ్ళూ తప్ప ఏమీ లేవు. ఉండకూడదు కూడా. నీళ్ళు కుదురుకోవాలి. మెకానిక్కు రోజూ చిన్న గాజుగొట్టంలో నీళ్ళు తీసి, చుక్కలమందు వేసి, రంగు చూసి, కాగితం మీద రాసుకునేవాడు. ఎదురువాటా ఆవిడ రెండోసారి చూడటానికి వచ్చినప్పుడు అత్తగారే దగ్గరుండి చూపించింది.

"మా అల్లుడుగారు రాళ్ళు పెంచుతున్నారు. నెలయింది. ఇంకా ఏం ఎదగలేదు."

ఐదో వారం రాళ్ళ మీద బూడిదరంగు జిగురు లేచింది. ఎదిగాయి, అంది అత్తగారు. మెకానిక్కు ఆ జిగురు తినడానికి పది నత్తల్ని తెచ్చాడు. ఇంకో వారానికి నారింజరంగు మీద తెల్లచారలున్న చేపలు రెండు తెచ్చాడు. అవి ఒకదాని వెనక ఒకటి తోక ఆడిస్తూ తిరుగుతుంటే టైలరమ్మ కూడా మిషను ఆపి వచ్చి చూసింది. "బాగున్నాయి," అంది. అంతకన్నా పెద్ద మాట ఆవిడ తన కుట్టుకి కూడా వాడదు. మెకానిక్కుకి ఆ రోజు నేల మీద కాళ్ళు ఆనలేదు.

మర్నాడు భోజనాల దగ్గర ముగ్గురూ కూర్చుని ఉండగా వినిపించింది.

టక్.

గాజు మీద గోలీ కొట్టినట్టు. మెకానిక్కు చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. లేచి వెళ్ళి తొట్టి నాలుగు పక్కలా తడిమాడు. తడి లేదు, బీట లేదు. వచ్చి కూర్చున్నాడు. మళ్ళీ టక్.

"గాజు చీలుతోందా?" అంది భార్య.

"చీలితే కనిపించాలిగా."

"కనిపించేసరికి మనం ఈదుతూ ఉంటాం."

అత్తగారు మెడ కొంచెం వంచి వింది. ఆ చప్పుడు గాజుది కాదని ఆవిడకి అప్పుడే అనుమానం. గాజు చప్పుడు సాగుతుంది. ఇది ఎక్కడో లోపల పుట్టి అక్కడే ఆగిపోతోంది.

రెండో రోజు మధ్యాహ్నం, అల్లుడు పనిలో ఉన్నాడు, కూతురు కుట్టిన బట్టలు ఇవ్వడానికి వెళ్ళింది. పడగ్గదిలో టీవీ ఎండకి తెల్లగా మెరుస్తోంది. సీరియల్ అమ్మాయి ఏడుపు మాత్రం వినిపిస్తోంది. అత్తగారు కుర్చీ తెచ్చుకుని తొట్టి ముందు కూర్చుంది. అరగంట కదల్లేదు. ఎడమవైపు మూడో రాయిలో బొటనవేలు దూరేంత కన్నం ఉంది. ఆ కన్నంలోంచి రెండు కళ్ళు బయటికి వచ్చాయి. సన్నటి కాడల మీద నిలబడిన కళ్ళు. ఒకటి ఆవిడని చూస్తోంది. రెండోది అదే సమయంలో పక్కన పాకుతున్న నత్తని చూస్తోంది. తర్వాత ఆకుపచ్చ రొయ్యలాంటి ఒంటిలో సగం బయటికి వచ్చింది, ముందుకాలు ఒకటి విదిలించింది. అంత చిన్న ఒంట్లోంచి అంత దెబ్బ ఎలా వచ్చిందో, టక్ మని నత్త పెంకు చితికింది.

టెలిఫోనులో ముప్పై ఏళ్ళు ఎదుటివాళ్ళు కనిపించకుండా వినడం అలవాటైన మనిషికి, ఇన్నాళ్ళకి ఎదుటివాడు కనిపించాడు.

చెప్పాలి. అల్లుడు రాగానే చెప్పెయ్యాలి. అనుకుంది కూడా. సాయంత్రం అల్లుడు రావడం, సంచీ కింద పెట్టకుండానే తొట్టి అంచులు తడమడం చూసింది. గాజు చీలుతుందనే భయం ఇంకొన్నాళ్ళు ఉంటే తొట్టి దానంతటదే బయటికి నడుస్తుంది, టీవీ దానంతటదే ముందుగదిలోకి వస్తుంది. నోరు తెరిచి, మూసేసింది. మళ్ళీ తెరిచి ఇలా అంది.

"ఇవాళ మూడుసార్లు పగిలింది అల్లుడుగారూ."

"పగిలిందా?"

"అంటే, చప్పుడండీ."

ఆ వారం మెకానిక్కు సన్నబడ్డాడు. తొట్టి చుట్టూ పాత తువ్వాళ్ళు పరిచాడు. అద్దం అతుకుల మీద పెన్సిలు గీతలు పెట్టి రోజూ వాటిని చూసుకునేవాడు. గాజు పనివాణ్ణి పిలిచాడు. అతను వచ్చి, వేలితో నాలుగు మూలలా కొట్టి, చెవి పెట్టి విని, "ఇది నేను చేసింది కాదు, కాబట్టి నాకు సంబంధం లేదు," అని టీ తాగి వెళ్ళిపోయాడు. టైలరమ్మ కుట్టిన బట్టలన్నీ బీరువా మీదకి ఎక్కించింది. ఎవరైనా కొలతలివ్వడానికి వస్తే, కాళ్ళు తడిస్తే మా పూచీ లేదని ముందే చెప్పేది.

అత్తగారికి ఇంకో పని పడింది. నత్తలు తగ్గిపోతున్నాయి. అల్లుడు లెక్కపెడతాడు. చితికిన పెంకులు ఇసక మీద కనిపిస్తే గుట్టు బయటపడుతుంది. అందుకని రోజూ మధ్యాహ్నం, అల్లుడు కొని దాచుకున్న పొడుగు చిమటా, పట్టకారులాంటిది, తీసుకుని, పెంకులు ఒక్కొక్కటే ఏరి గుమ్మం దగ్గర పూలకుండీ మట్టిలో కప్పెట్టేది. దొంగసొమ్ము దాచినట్టు అటూ ఇటూ చూసుకుని మరీ.

అయినా మూలం అలాగే ఉంది కదా. ఆ కన్నంలోవాడికి ఆకలేసినన్నాళ్ళూ నత్తల మీద పడతాడు. కాబట్టి కడుపు నింపితే సరి. ఫ్రిజ్జులోంచి ఒక పచ్చిరొయ్య తీసి, గోరంత ముక్క కోసి, చిమటా కొసకి పట్టించి కన్నం దగ్గర పెట్టింది. రెండు కళ్ళూ ఒకేసారి ముక్క వైపు తిరిగాయి. దెబ్బ పడింది. చిమటా మీద పడ్డ దెబ్బ మోచేతి దాకా వినిపించింది. ముక్క మాయమైంది.

ఇంట్లో ఒక్కతే ఉన్న అత్తగారు పైకి నవ్వింది.

మర్నాడు చిమటా ముంచకముందే వాడు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నాలుగోనాడు ఆవిడ కుర్చీ జరిపిన చప్పుడుకే బయటికొచ్చాడు. ఒక కన్ను ఆవిడ మొహం మీద, ఒక కన్ను ఆవిడ చేతి మీద. ఆవిడ ఎడమకి జరిగితే ఆ కన్నూ జరిగేది. ఇన్నేళ్ళ జీవితంలో ఎవరూ తనని అంత శ్రద్ధగా చూడలేదనిపించింది ఆవిడకి. పడగ్గదిలో టీవీ పెట్టడం కూడా మర్చిపోయింది. ఎదురువాటా ఆవిడ సీరియల్లో ఏమైందని అడిగితే, "ఏమోనమ్మా, ఆ పిల్ల ఇంకా ఏడుస్తూనే ఉండుంటుంది," అంది.

చప్పుడు మొదలైన ఐదో వారం చివర మెకానిక్కు ఒక నిర్ణయానికొచ్చాడు. ఆదివారం తొట్టి మొత్తం ఖాళీ చేసి, అద్దాలు లోపలివైపు చూడాలి.

"ఇప్పుడెందుకండీ అల్లుడుగారూ," అంది అత్తగారు. "చప్పుడు తగ్గిపోయిందిగా."

"నిన్న ఐదుసార్లు వినిపించిందని మీరే అన్నారు అత్తయ్యగారూ."

"నా చెవులు ఈ మధ్య సరిగా పనిచెయ్యడంలేదు."

టైలరమ్మ తలెత్తి తల్లి వైపు చూసింది. పక్కింటి ఫోనులో ఏం మాట్లాడుకున్నారో గోడ ఇవతల నుంచి చెప్పగల మనిషి.

ఆదివారం పొద్దున్నే ఇల్లంతా బకెట్లు. చేపల్ని ఒక దాంట్లో వేశాడు. గొట్టంతో నీళ్ళు డ్రమ్ముల్లోకి తోడాడు. నీళ్ళు సగానికి దిగాయి. మొదటి రాయి తీసి బయట పరిచిన పట్టా మీద పెట్టాడు. రెండో రాయి తీశాడు. అత్తగారు గుమ్మంలో చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడింది. మూడో రాయి మీద చెయ్యి వేశాడు.

"అది నీళ్ళలోంచి తియ్యకండి," అంది అత్తగారు. "వాడికి ఊపిరాడదు."

మెకానిక్కు మోచేతి దాకా తడిచేత్తో అలాగే ఆగిపోయాడు.

"ఎవడికి?"

మిషను ఆగిపోయింది.

"ఎవడికి అత్తయ్యగారూ?"

"కన్నంలో ఉన్నాడు. మీరు అలా ఊపేస్తే దడుచుకుంటాడు."

అతను వంగి చూశాడు. కన్నంలోంచి ఒక కన్ను అతన్నీ, ఒక కన్ను అతని వెనకున్న అత్తగారినీ చూస్తోంది.

"ఎన్నాళ్ళ నుంచి తెలుసు మీకు?"

"ఐదు వారాలుంటుంది."

"నా నత్తలు?"

"ఆరు వాడే. ఒకటి మాత్రం దానంతటదే పోయింది, అది వాడి నెత్తిన వెయ్యకండి."

"పెంకులేవి మరి?"

అత్తగారు పూలకుండీ వైపు చూసింది.

టైలరమ్మ నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఉంది. ప్రమాదమని ముందు వాటిని ఒక్కొక్కటే తీసి దిండుకి గుచ్చింది. ఆ తర్వాత బల్ల మీద తల వాల్చి నవ్వడం మొదలుపెట్టింది. మెకానిక్కుకి నవ్వు రాలేదు. ఐదు వారాలు తను తడిమిన అంచులు, గీసిన గీతలు, తువ్వాళ్ళు, గాజు పనివాడికి పోసిన టీ, అన్నీ వరసగా గుర్తొచ్చాయి. రాళ్ళన్నీ తిరిగి పెట్టి, నీళ్ళు తిరిగి పోసి, చేపల్ని వదిలి, చొక్కా మార్చుకుని బయటికి వెళ్ళిపోయాడు.

వెళ్ళింది చేపల కొట్టుకే. ఫోనులో తీసిన ఫొటో చూపించాడు.

"సుత్తి రొయ్య సార్," అన్నాడు కొట్టాయన. "రాళ్ళలో దాక్కుని వచ్చేస్తుంది. ఇవాళ నత్తలు, రేపు మీ చేపలు. దాన్ని ఉంచుకుని పగడాల తొట్టి పెట్టలేరు. పట్టి నాకివ్వండి. దాన్నే కావాలని అడిగేవాళ్ళున్నారు. బదులుగా అదిగో, ఆ దీపం పట్టుకెళ్ళండి."

పగడాలకి కావలసిన నీలం దీపం అది. మెకానిక్కు నెలన్నరగా ఆ కొట్టుకి వచ్చినప్పుడల్లా దాన్ని చూసి వెళ్తున్నాడు. మిషను డబ్బులో అతని సగం ఎప్పుడో అయిపోయింది. ఆ దీపం లేకుండా పగడం బతకదు. అతని కోపం సగం అక్కడే చల్లారింది.

ఇంటికొచ్చి ప్లాస్టిక్ సీసా మెడ కోసి, తిరగేసి లోపలికి దూర్చి, అడుగున రొయ్యముక్క వేసి, కన్నం ఎదురుగా పెట్టాడు. లోపలికి దారి ఉంటుంది, బయటికి ఉండదు. మర్నాడు సీసా ఖాళీ. మూడోనాడు కూడా ఖాళీయే. నాలుగోనాడు అతను మధ్యాహ్నమే ఇంటికొచ్చేసరికి అత్తగారు కుర్చీలో కూర్చుని చిమటాతో వడ్డిస్తోంది.

"కడుపు నిండినవాడు నా సీసాలోకి ఎందుకొస్తాడు అత్తయ్యగారూ?"

"రాడు," అంది ఆవిడ, దాచకుండా. "నేను పిలిస్తే వస్తాడు. కానీ కొట్టుకి పంపనని మాటివ్వండి."

"పంపకపోతే దీపం రాదు. దీపం లేకపోతే పగడాలు లేవు. ఇన్నాళ్ళు నేను పడ్డదంతా దేనికి మరి? మీ రాళ్ళ జోకులకా?"

అల్లుడు అలా మాట్లాడటం ఆవిడ మొదటిసారి విన్నది. గొంతులో కోపం కన్నా దిగులు ఎక్కువగా వినిపించింది. వినడం ఆవిడకి తెలిసిన విద్యే. చిమటా పక్కన పెట్టింది.

"ఆ కొట్టాయన రోజంతా ఒక్కడే కూర్చుంటాడా?"

"కూర్చుంటాడు. ఏం?"

"టీవీ ఇచ్చెయ్యండి. దీపం తెచ్చుకోండి."

మెకానిక్కు తల తిప్పి పడగ్గది వైపు చూశాడు. మిషను దగ్గర నుంచి టైలరమ్మ అంది, "అమ్మా, తర్వాత నన్ననద్దు." తల్లి అనలేదు. కొట్టాయన టీవీ చూసి, పెట్టి, ఛానళ్ళు తిప్పి, దీపంతో పాటు రెండు నత్తలు కూడా కలిపి ఇచ్చాడు.

మర్నాడు అత్తగారు సీసా పక్కన చిమటా పట్టుకుని కూర్చుంది. ముక్కని కన్నం ముందు ఆడించి, కొంచెం వెనక్కి జరిపి, మళ్ళీ ఆడించి, కోడలిని గడప దాటించినట్టు అంగుళం అంగుళంగా సీసాలోకి నడిపించింది. వాడు దూరాడు. అల్లుడు సీసా ఎత్తాడు. వాడు లోపలి నుంచి సీసాని ఒకటి కొట్టాడు. అల్లుడి చెయ్యి అదిరింది. అత్తగారి మొహం వెలిగిపోయింది.

గాజు పనివాడు మిగిలిన ముక్కలతో అతికించి ఇచ్చిన చిన్న తొట్టి పడగ్గదిలో ఆవిడ మంచం పక్కన వెలిసింది. పెద్ద తొట్టిలోంచి వారం వారం తీసే నీళ్ళు, పారబొయ్యకుండా, దానికే వాడారు. వాడి రాయి కూడా వాడితోనే వెళ్ళింది. "అమ్మ తరఫు చుట్టం, అమ్మ గదిలోనే ఉండాలి," అంది టైలరమ్మ. నీళ్ళలో ఉప్పు కొలవడం, నీళ్ళు తగ్గినప్పుడు సున్నా నీళ్ళు పొయ్యడం అత్తగారు రెండు రోజుల్లో నేర్చుకుంది. నెల తిరక్కుండానే ముల్లు గీత మీద లేదని అల్లుడి పెద్ద తొట్టికే తప్పులు పట్టడం మొదలుపెట్టింది. ముందుగదిలో నీలం దీపం కింద మెకానిక్కు నాలుగు పగడం ముక్కలు అతికించాడు. పదిరోజులు ముడుచుకుని ఉండి, పదకొండోనాడు ఆకుపచ్చ బొత్తాలు విప్పాయి. అతను పనికి సెలవు పెట్టి వాటి ముందు కూర్చున్నాడు.

రెండు నెలలు గడిచాక, ఒక పొద్దున చుట్టం కనిపించలేదు. కన్నానికి లోపలి నుంచి గులకరాళ్ళు అడ్డుపెట్టి ఉన్నాయి. అత్తగారు కుర్చీ జరిపింది. రాలేదు. ముక్క ఆడించింది. రాలేదు.

"ఒంట్లో బాగోలేదేమో, ఒకసారి చూస్తారా అల్లుడుగారూ," అంది.

మెకానిక్కు చూశాడు. కొట్టాయనకి ఫోను చేశాడు. పాత పెంకు విడిచి కొత్త పెంకు వేసుకునేటప్పుడు తలుపు మూసుకుంటాడనీ, వారం పది రోజులు పట్టొచ్చనీ, ముట్టుకోకుండా వదిలెయ్యమనీ కొట్టాయన చెప్పాడు. మెకానిక్కు ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఐదు వారాల తువ్వాళ్ళు గుర్తొచ్చాయి.

"ఏమోనండీ అత్తయ్యగారూ," అన్నాడు. "నాకూ అంతుపట్టడంలేదు."

ఒక రోజు చూద్దామనుకున్నాడు. ఆవిడ రెండుసార్లు అడిగింది, రెండుసార్లూ భుజాలు ఎగరేశాడు. రెండో రోజు ఆవిడ అన్నం సగంలో లేచింది. అతనికి కొంచెం గుచ్చుకుంది, అయినా పంటి బిగువున ఆగాడు. మూడో రోజు అడగడం మానేసింది. నాలుగో రోజు పొద్దున అతను సంచీ భుజానికి తగిలించుకుని బయల్దేరుతూ పడగ్గదిలోకి తొంగిచూశాడు. గులకరాళ్ళ ముందు ఇసక మీద వాడి రూపం పడి ఉంది. కాళ్ళు, సుత్తులు, కళ్ళ కాడలు, అన్నీ ఉన్నాయి, పాలిపోయి, కదలకుండా. ఆవిడ మంచం మీద కూర్చుని ఉంది. ఏడవడంలేదు. చిమటా ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని, దాన్ని తుడుస్తోంది.

మెకానిక్కు సంచీ దించేశాడు.

"అది చొక్కా అత్తయ్యగారూ. మనిషి లోపలే ఉన్నాడు."

ఆవిడ తలెత్తింది. అతను మొత్తం చెప్పాడు, కొట్టాయన ఫోనుతో సహా. ఆవిడ అంతా విని, చిమటాతో ఆ పెంకుని మెల్లగా పైకి తీసింది. వెలుతురుకి పట్టి చూసింది. లోపల ఏమీ లేదు.

"మీకు ఎప్పట్నించి తెలుసు?"

"నాలుగు రోజులుగా."

"నేను ఐదు వారాలు దాచాను," అంది ఆవిడ. "మీరు నాలుగు రోజులకే చెప్పేశారు. మీకు ఈ విద్య రాదు, ఇంక ప్రయత్నించకండి." 'గారు' లేదు, 'అల్లుడూ' లేదు. అతనికి ఎందుకో అది మెచ్చుకోలులా అనిపించింది.

పనికోసం ఎదురుచూస్తున్న వాళ్ళ నుంచి ఫోను వచ్చింది. ఆలస్యమెందుకైందని అడిగారు. "ఇంట్లో పెద్దవాళ్ళకి ఒంట్లో బాగోలేదండీ," అన్నాడు మెకానిక్కు.

"నన్నెందుకు మంచాన పడేస్తారు," అంది అత్తగారు గదిలోంచి, ఫోను అవతలివాళ్ళకి వినిపించేలా. "వాడికని చెప్పండి."

ఎనిమిదో రోజు గులకరాళ్ళు పక్కకి జరిగాయి. ముందు కళ్ళు వచ్చాయి, తర్వాత ఒళ్ళు. ఇదివరకటికన్నా అర అంగుళం పొడుగు, ఆకుపచ్చ రంగు కొత్తగుడ్డలా మెరుస్తోంది. అత్తగారు పెద్ద ముక్కే కోసింది. వాడు తిన్నాక చిమటా కడుక్కుని ముందుగదిలోకి వచ్చింది. అల్లుడు పగడాల ముందు వంగి ఉన్నాడు.

"వాడు ఒంటరిగా ఉన్నాడేమో అనిపిస్తోంది అల్లుడుగారూ."

"రెండోదాన్ని తెస్తే చంపేస్తాడు అత్తయ్యగారూ. ఒక తొట్టిలో ఒకడే ఉండాలి."

"తెలుసండీ. నేను అడుగుతున్నది రెండో తొట్టి గురించి."

మెకానిక్కు భార్య వైపు చూశాడు. ఆవిడ తల దించుకుని కుడుతోంది. అతను వినిపించనట్టు సంచీ అందుకుని పనికి వెళ్ళిపోయాడు. సాయంత్రం వచ్చేసరికి పడగ్గదిలో గాజు పనివాడు మోకాళ్ళ మీద కూర్చుని, మంచానికి రెండో పక్క గోడ కొలుస్తున్నాడు. టేపు రెండో కొస టైలరమ్మ పట్టుకుని ఉంది.